టైమ్ ట్రావెల్ నవలలు, వాటి సీరీస్‌లు: ఏది చూడాలి, ఏది చదవాలి

టైమ్ ట్రావెల్ నవలల మీద వచ్చిన టీవీ సీరీస్‌లలో ఏది మొదలుపెట్టమంటావని అడిగేవాళ్ళకు నేను రేటింగ్ చెప్పను. పదికి ఎనిమిది వచ్చిందో, ఏడు వచ్చిందో తెలిసినంత మాత్రాన అది మీకు నచ్చుతుందో లేదో తేలదు. చూసినవాళ్ళు దేని గురించి గొడవపడ్డారో తెలిస్తే మాత్రం సగం తేలిపోతుంది. నవల ముందే చదివినవాళ్ళు ఒకదానికి మండిపడతారు, చదవనివాళ్ళు ఇంకోదానికి విసుక్కుంటారు. ఆ రెండు ఫిర్యాదుల్లో రేపు మీ నోటి నుంచి వచ్చేది ఏదో ఊహించుకుని ఎంచుకోండి.

బెంగళూరులో మారతహళ్ళి వైపు మా అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్ళం కొందరం శని, ఆదివారాల్లో కలిసి సీరీస్‌లు చూస్తాం. అందులో సగంమంది ఇంగ్లీషు నవలలు వదలకుండా చదివేవాళ్ళు. మిగతావాళ్ళకు టైమ్ మెషీన్ అంటే సింగీతం శ్రీనివాసరావుగారి 'ఆదిత్య 369', అంతే. బాలకృష్ణ కృష్ణదేవరాయల కొలువులో దిగడం చిన్నప్పుడే చూసేసినవాళ్ళకు, కాలంలో వెనక్కి వెళ్ళడం ఎలా సాధ్యం అన్న అనుమానం ఉండదు. వెళ్ళాక ఏమైంది అన్నదే కావాలి. ఆ సినిమా 1991లో వచ్చింది. నేను ముందుగా చెప్పబోయే డయానా గాబల్డన్ నవల 'అవుట్‌లాండర్' కూడా అదే ఏడు అచ్చయింది.

ఆ నవల సీరీస్‌గా 2014లో మొదలైంది. దానితో పాటు ఇంకో మూడింటి గురించి చెబుతాను: స్టీఫెన్ కింగ్ 2011లో రాసిన నవల మీద 2016లో వచ్చిన '11.22.63', ఆడ్రీ నిఫెనెగర్ 2003 నాటి నవల 'ది టైమ్ ట్రావెలర్స్ వైఫ్', ఆక్టేవియా బట్లర్ 1979లో రాసిన 'కిండ్రెడ్'. ఈ చివరి రెండూ 2022లోనే సీరీస్‌లుగా వచ్చాయి, రెండూ ఒక్క సీజన్‌తో ఆగిపోయాయి. ఒకటి 6 ఎపిసోడ్లు, ఇంకోటి 8. కథ మధ్యలో వదిలేస్తే రాత్రంతా నిద్రపట్టని మనిషైతే ఈ రెండింటి జోలికి టీవీలో పోకండి, పుస్తకాలు తెచ్చుకోండి. ఎందుకో ముందుముందు చెబుతాను.

అవుట్‌లాండర్: ఎక్కడిదాకా చూడాలి

రెండో ప్రపంచయుద్ధంలో నర్సుగా పనిచేసిన క్లేర్, 1945లో భర్త ఫ్రాంక్‌తో కలిసి స్కాట్లాండ్‌కు వస్తుంది. ఇన్వర్నెస్ దగ్గర వలయంగా నిలబెట్టిన పాతకాలపు రాళ్ళలో ఒకదాన్ని తాకి 1743లో తేలుతుంది. 1746 ఏప్రిల్ 16న కలోడెన్ యుద్ధంలో స్కాట్లాండ్ కొండప్రాంతమైన హైలాండ్ తెగలవాళ్ళు తుడిచిపెట్టుకుపోతారని ఆమెకు తెలుసు, చుట్టూ ఉన్నవాళ్ళకు తెలియదు. ఈ కథలో రెండు కాలాల మధ్య తేడా దాదాపు ఎప్పుడూ 202 ఏళ్ళే. అక్కడ మూడేళ్ళు గడిస్తే ఇక్కడా మూడేళ్ళు గడుస్తాయి. ఒకసారి విడిపోయినవాళ్ళు ఇద్దరూ విడివిడిగా ముసలివాళ్ళవుతుంటారు. కథలోని బాధంతా ఈ లెక్కలోనే ఉంది. దీన్ని సీరీస్ చెడగొట్టకుండా నిలబెట్టుకుంది.

నవల అభిమానులు సీరీస్ మొదలు కాకముందే గగ్గోలు పెట్టారు. పుస్తకంలో క్లేర్ కళ్ళు తేనెరంగు, కైట్రియోనా బాల్ఫ్ కళ్ళు నీలం. ఇలాంటివి రెండు ఎపిసోడ్లు గడిచేసరికి ఎవరికీ గుర్తుండవు. నిజంగా గమనించాల్సింది ఫ్రాంక్ పాత్ర. క్లేర్ భర్తగానూ, అతని పూర్వీకుడైన క్రూరుడు బ్లాక్ జాక్ రాండాల్‌గానూ టోబయస్ మెంజీస్ ఒక్కడే నటించాడు. పోలిక ఉందని పుస్తకం మాటల్లో చెబుతుంది. టీవీలో మొగుడి ముఖమే కత్తి పట్టుకుని ఎదురొస్తుంది. ద్విపాత్రాభినయం మనకు కొత్తేం కాదు. కానీ మనం చూసినవాటిలో ఎక్కువ భాగం అన్నదమ్ములో, తండ్రీకొడుకులో. ఇక్కడ ప్రేమించిన ముఖమే భయపెట్టే ముఖం అయింది. ఈ ఒక్క విషయంలో సీరీస్ పుస్తకం కంటే మేలు అని నేను గట్టిగా చెప్పగలను.

భాష విషయం కూడా చెప్పాలి. మొదటి సీజన్‌లో హైలాండ్ జనం తమలో తాము తమ భాష గేలిక్‌లో మాట్లాడుకుంటారు, కింద సబ్‌టైటిల్ పడదు. క్లేర్‌కు అర్థం కానిది మనకూ అర్థం కాకూడదని కావాలనే అలా వదిలేశారు. చాలామంది ప్రేక్షకులు ఇదేదో లోపం అనుకుని విసుక్కున్నారు. ఊరి నుంచి కొత్తగా బెంగళూరు వచ్చి, బస్సులో కండక్టర్ కన్నడంలో 'ఎల్లిగె' (ఎక్కడికి) అంటే బిక్కమొహం వేసి, పక్కావిడ ముఖం చూసి అర్థం చేసుకున్నవాళ్ళకు ఇది లోపంగా అనిపించదు. మా గదిలో ఎవరూ ఆ సీన్లలో ఫోన్ తీయలేదు. ఎవరు నవ్వుతున్నారు, ఎవరు కత్తి మీద చెయ్యి వేస్తున్నారు అని కళ్ళార్పకుండా చూశారు.

ఇక అసలు గొడవలు. గతంలో చిక్కుకున్న క్లేర్ అక్కడ జేమీ అనే హైలాండ్ యువకుణ్ణి పెళ్ళాడుతుంది, కథకు హీరో అతనే. తొమ్మిదో ఎపిసోడ్‌లో జేమీ ఆమెను బెల్టుతో కొడతాడు. ఇది నవలలోనూ ఉంది. తేడా ఏమిటంటే నవల అంతా క్లేర్ గొంతులో నడుస్తుంది, ఆ ఎపిసోడ్‌ను మాత్రం జేమీ వైపు నుంచి చెప్పారు. చదివినవాళ్ళు 'ఆ కాలం అలాంటిది, తర్వాత అతను మారతాడు' అని వెనకేసుకొచ్చారు. చదవనివాళ్ళకు అది మింగుడుపడలేదు. మా ఆడవాళ్ళం మాత్రమే కూర్చున్న మధ్యాహ్నం ఇదే వాదన నడుస్తుంటే, ఎదురింటి అక్కయ్యగారి అమ్మ, ఒంగోలు నుంచి వచ్చినావిడ, అంతసేపూ మాట్లాడనిది ఒక్కసారి అందుకుంది. "ఆ కాలం, ఆ కాలం అంటారేంటమ్మా, మా ఊళ్ళో ఆ కాలం ఇంకా పోలేదుగా!" తర్వాత ఎవరూ జేమీ తరఫున మాట్లాడలేదు. ఆవిడ మాత్రం మర్నాడు వచ్చి, "తర్వాత ఏమైందో పెట్టమ్మా, వాడు మారాడో లేదో చూడాలి" అంది.

మొదటి సీజన్ చివరి రెండు ఎపిసోడ్లు ఇంతకంటే చాలా కష్టం. జైల్లో హీరో మీద జరిగే లైంగిక హింసను దాచకుండా, నిదానంగా చూపిస్తారు. అక్కడితో సీరీస్ మానేసినవాళ్ళు చాలామంది ఉన్నారు. మానేయడంలో తప్పులేదు. మీరు అలాంటివి చూడలేరనుకుంటే ఆ రెండు ఎపిసోడ్లను ముందే ఎవరైనా చూసినవాళ్ళను అడిగి, అవసరమైనంత దాటేసి, రెండో సీజన్‌కు వెళ్ళండి. కథ అర్థం కాకుండా పోదు.

మార్పుల్లో అందరూ సంతోషించినది జేమీ గాడ్‌ఫాదర్ మర్టాగ్ పాత్ర. నవల్లో అతను కలోడెన్‌లో చనిపోతాడు. సీరీస్ అతన్ని బతికించి ఐదో సీజన్ దాకా తీసుకెళ్ళింది. 'పుస్తకంలో ఉన్నట్టే తియ్యాలి' అని పట్టుబట్టే అభిమానులే దీనికి చప్పట్లు కొట్టారంటే, మూలాన్ని మార్చడం ఒక్కటే వాళ్ళకు కోపం తెప్పించదని తెలుస్తుంది. ఇష్టమైన మనిషిని తగ్గించి చూపిస్తేనే తెప్పిస్తుంది.

నాలుగో సీజన్ నుంచి కథ అమెరికాకు మారుతుంది. నడక నెమ్మదిస్తుంది, పాత్రలు పెరుగుతాయి. మొత్తం ఎనిమిది సీజన్లు, దాదాపు 100 ఎపిసోడ్లు. పిల్లల స్కూలు, ఆఫీసు, ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ మధ్య అంత చూడలేం. నా సలహా, మూడో సీజన్ ఆరో ఎపిసోడ్ దాకా చూడండి. ఇరవై ఏళ్ళు విడిపోయిన క్లేర్, జేమీ ఎడిన్‌బరో అచ్చాఫీసులో కలుసుకునే ఘట్టం అది. ఏ సీజన్‌కూ లేనంతగా జనం దానికోసం ఎదురుచూశారు, చూశాక నిరాశపడినవాళ్ళు నాకు తగల్లేదు. అక్కడ ఆగి, ఇంకా కావాలనిపిస్తే మూడో నవల 'వోయేజర్'లో అదే ఘట్టం నుంచి చదువుకోవచ్చు.

11.22.63: రెండు రకాల తృప్తి

జేక్ అని ఒక ఇంగ్లీషు మాస్టారు. అతనికి తెలిసిన హోటల్ యజమాని ఒకాయన, తన హోటల్లో గతంలోకి వెళ్ళే దారి ఉందని చూపిస్తాడు. 1963 నవంబర్ 22న డల్లాస్‌లో జరిగిన కెనెడీ హత్యను ఆపమంటాడు. అక్కడ ఎన్నేళ్ళు గడిపినా ఇక్కడ గడిచేది రెండు నిమిషాలే. కానీ మళ్ళీ వెళితే ముందు చేసినదంతా చెరిగిపోతుంది, మొదటికొస్తుంది. పైగా గతం మొండిది. మార్చబోయినప్పుడల్లా ఎదురు తిరుగుతుంది.

నాలుగింటిలోకీ ఎవరైనా కళ్ళు మూసుకుని మొదలుపెట్టగలిగేది ఇదే. 8 ఎపిసోడ్లు, ఒక శని, ఆదివారాల్లో అయిపోతుంది, ముగింపు ముగింపులాగే ఉంటుంది. హింస ఉంది కానీ అవుట్‌లాండర్ అంత కాదు.

ఇక్కడ చదివినవాళ్ళ ఫిర్యాదు ఒక్క మనిషి మీద, బిల్ మీద. నవల్లో బిల్ టర్కాట్ చిన్న పాత్ర. సీరీస్ అతన్ని హీరోకు తోడుగా దాదాపు చివరిదాకా లాక్కొచ్చింది. కారణం ఊహించవచ్చు. నవలంతా జేక్ మనసులో నడుస్తుంది. టీవీలో అతను ఎవరితోనైనా మాట్లాడితేనే మనకు వినపడుతుంది. మావారు నవల చదవలేదు, ఆయనకు బిల్ అంటే ప్రాణం. "అతను లేకపోతే ఈ జేక్ గోడలతో మాట్లాడుకోవాలి కదా" అన్నారు. నాకు మాత్రం అతను తెర మీద ఉన్నంతసేపూ చిరాకే. నవల్లో జేక్ ఒంటరితనం అంటే నాకు ఇష్టం. ఎవరికీ చెప్పుకోలేని రహస్యంతో ఏళ్ళ తరబడి పరాయి కాలంలో బతకడం అన్నదాన్ని బిల్ మింగేశాడు. మా ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. మీరు ఎవరి పక్షమో మీకు తెలిస్తే చాలు.

రెండో ఫిర్యాదు కాలం గురించి. నవల్లో ఆ దారి 1958 సెప్టెంబర్‌లోకి తెరుచుకుంటుంది. సీరీస్‌లో 1960 అక్టోబర్‌లోకి. అంటే ఎదురుచూపు ఐదేళ్ళ నుంచి మూడేళ్ళకు తగ్గింది. థ్రిల్లర్‌కు ఇది మంచిదే. పోయింది మాత్రం జోడీ అనే చిన్న ఊరు. పుస్తకంలో జేక్ ఆ ఊరి స్కూల్లో పాఠాలు చెబుతాడు, పిల్లలతో నాటకం వేయిస్తాడు, సేడీని ప్రేమిస్తాడు, కెనెడీ సంగతే మనం మరిచిపోతాం. హత్యను ఆపడం కంటే ఆ ఊళ్ళో ఉండిపోవడం ముఖ్యం అనిపించే స్థితికి మనల్ని తెచ్చాకే కింగ్ అసలు ప్రశ్న వేస్తాడు. సీరీస్‌లో సేడీగా సారా గాడన్ చాలా బాగా చేసింది కాబట్టి ప్రేమ మిగిలింది, ఊరు మాత్రం పలచబడింది. దాదాపు 850 పేజీల పుస్తకం కదా, ఏదో ఒకటి పోవాలి.

నా మాట వింటే ముందు సీరీస్ చూడండి, తర్వాత నవల చదవండి. అటునుంచి ఇటు వస్తే పోయినవే కనిపిస్తాయి. ఇటునుంచి అటు వెళితే దొరికినవి కనిపిస్తాయి. పుస్తకం చివరి నృత్యం సీన్ సీరీస్‌లోనూ ఉంది. ముందే చూసినా, చదివేటప్పుడు దాని బలం తగ్గదు. నేను చర్చ్ స్ట్రీట్‌లో కొన్న సెకండ్ హ్యాండ్ కాపీ మా అపార్ట్‌మెంట్‌లో చేతులు మారుతూ, ఆ చివరి పేజీల దగ్గర మాత్రం నలిగిపోయి వచ్చింది.

ది టైమ్ ట్రావెలర్స్ వైఫ్

చికాగోలో లైబ్రేరియన్‌గా పనిచేసే హెన్రీకి ఒక జన్యు లోపం. తన ప్రమేయం లేకుండా కాలంలో జారిపోతుంటాడు. ఒంటి మీద బట్ట కూడా వెంట రాదు. నవల్లో అతని భార్య కాబోయే క్లేర్ (అవుట్‌లాండర్ క్లేర్ కాదు, ఈమె వేరు) అతన్ని మొదటిసారి చూసినప్పుడు ఆమెకు 6 ఏళ్ళు, అతనికి 36. అతను ఆమెను మొదటిసారి చూసేటప్పటికి ఆమెకు 20, అతనికి 28.

ప్రేక్షకుల గొడవంతా ఈ అంకెల చుట్టూనే నడిచింది. పెద్దాయన, చిన్నపిల్ల, రాబోయే కాలంలో వాళ్ళిద్దరూ భార్యాభర్తలు. పుస్తకం వచ్చినప్పుడు చాలామంది దీన్ని విధి అని చదువుకున్నారు. 2022లో టీవీలో చూసినవాళ్ళు ఆ పిల్లకు ఎంపిక అనేదే లేకుండా చేశారని అన్నారు. మా గదిలో ఆడపిల్లల తల్లులు మొదటి ఎపిసోడ్‌లోనే కదిలిపోయారు. నాకూ ఇబ్బంది అనిపించింది. పేజీ మీద క్లేర్ పెద్దయ్యాక తన గొంతుతో చెప్పే జ్ఞాపకంగా వస్తుంది కాబట్టి తట్టుకుంటాం. టీవీలో నిజమైన పసిపిల్ల, నిజమైన మగమనిషి ఒకే చెట్టు కింద కూర్చుని కనిపిస్తారు. రచయిత స్టీవెన్ మొఫాట్ సున్నితంగానే రాశాడు, ఐనా కెమెరా పెట్టగానే బరువు మారిపోయింది. హెన్రీ విగ్గు గురించి జరిగిన రచ్చ దీని ముందు చాలా చిన్నది.

పెళ్ళి దాకా వచ్చి సీరీస్ ఆగిపోయింది. కథలో అసలు గుండెకోత ఆ తర్వాతే ఉంది. కాబట్టి పుస్తకం చదవండి. అంత తీరిక లేకపోతే రేచల్ మెక్ఆడమ్స్, ఎరిక్ బానా నటించిన 2009 సినిమాలో కథ పూర్తిగా ఉంటుంది. సినిమా తొందరగా పరుగెడుతుంది, ఐనా చివరిదాకా తీసుకెళుతుంది.

కిండ్రెడ్: దీన్ని పుస్తకంగానే

డేనా నల్లజాతి రచయిత్రి, లాస్ ఏంజెలెస్‌లో ఉంటుంది. మేరీలాండ్‌లో బానిసల తోట యజమాని కొడుకు రూఫస్ ప్రాణం మీదికి వచ్చినప్పుడల్లా ఆమె పందొమ్మిదో శతాబ్దంలోకి లాగబడుతుంది. తన ప్రాణం పోతుందనిపించినప్పుడే తిరిగొస్తుంది. రూఫస్ ఆమె పూర్వీకుడు. అతను చస్తే తను పుట్టదు. అతన్ని కాపాడితే ఆ తోటలో కొరడా దెబ్బలు తినేవాళ్ళ బతుకు అలాగే సాగుతుంది. యంత్రం లేదు, శాస్త్రం లేదు, వివరణ లేదు. ఐనా నేను చదివిన టైమ్ ట్రావెల్ నవలల్లో ఇంతగా ఊపిరి బిగబట్టించినది ఇంకోటి లేదు.

సీరీస్ నటులు బాగున్నారు, ముఖ్యంగా డేనాగా మల్లోరీ జాన్సన్. చదవనివాళ్ళలో చాలామంది మెచ్చుకున్నారు కూడా. చదివినవాళ్ళ అసంతృప్తికి మాత్రం గట్టి కారణాలున్నాయి. నవల్లో డేనా, తెల్లవాడైన కెవిన్ భార్యాభర్తలు. వాళ్ళ పెళ్ళిని ఆ తోట ఎలా తొలిచేస్తుందన్నది నవలకు వెన్నెముక. సీరీస్‌లో వాళ్ళు అప్పుడే పరిచయమైనవాళ్ళు. నవల 1976లో, అమెరికా స్వాతంత్ర్యానికి 200 ఏళ్ళు నిండిన సంవత్సరంలో నడుస్తుంది, ఆఖరి ప్రయాణం జూలై 4నే. సీరీస్ దాన్ని 2016కు మార్చింది. డేనా తల్లిని కూడా గతంలోకి తెచ్చిపెట్టి ఒక కొత్త మిస్టరీ మొదలుపెట్టింది, దాన్ని ముడి విప్పకుండానే రద్దయిపోయింది.

పుస్తకం చిన్నదే, 300 పేజీల లోపు. నెమ్మదిగా, పెద్ద మాటలు లేకుండా అది చూపించేది ఒక్కటి: మనిషి బానిసత్వానికి ఎంత త్వరగా అలవాటుపడతాడో. మొదట్లో తోటను బయటి మనిషిలా చూసిన డేనా, కొన్నాళ్ళకు ఆ వంటింటినే ఇల్లు అనుకోవడం మొదలుపెడుతుంది. మా గుంపులో నల్గొండ నుంచి వచ్చిన తమ్ముడు ఒకడున్నాడు. వాళ్ళ తాతయ్య దొర గడీలో వెట్టి చేసినవాడు. ఈ పుస్తకం చదివాక ఆ తమ్ముడు ఊరెళ్ళి, ఎప్పుడూ అడగనివి నాయనమ్మను అడిగాడట. సీరీస్ చూసిన రోజు మాత్రం, తర్వాతి సీజన్ ఎప్పుడని అడిగాడు.

చూసేముందు కొన్ని మాటలు

ఇంట్లో పెద్దవాళ్ళు, పిల్లలు హాల్లో ఉండగా ఈ నాలుగింటిలో ఏదీ పెట్టకండి. అవుట్‌లాండర్ ఏడో ఎపిసోడ్ దాదాపు అంతా శోభనం రాత్రే. టైమ్ ట్రావెలర్స్ వైఫ్‌లో నగ్నత్వం కథలోనే భాగం. కిండ్రెడ్‌లో కొరడా దెబ్బలు చిన్నపిల్లలు చూడదగ్గవి కావు. తొమ్మిది, పది చదివే పిల్లలకు టైమ్ ట్రావెల్ మీద ఆసక్తి ఉంటే 11.22.63 పక్కన కూర్చుని చూపించవచ్చు, అదీ మీరు ముందు ఒకసారి చూశాకే.

ఏది ఏ యాప్‌లో ఉంటుందన్నది మారుతూ ఉంటుంది. డబ్బు కట్టేముందు యాప్‌లో పేరు వెతికి, అన్ని సీజన్లూ ఉన్నాయో లేదో చూసుకోండి. 6, 8 ఎపిసోడ్లవాటికి ఏడాది ప్లాన్ దండగ, ఒక్క నెలది చాలు. స్కాటిష్ యాస కష్టం కాబట్టి అవుట్‌లాండర్‌కు ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. పుస్తకాలకు చర్చ్ స్ట్రీట్‌లో బ్లాసమ్స్, బుక్‌వర్మ్ రెండూ తిరగండి. కింగ్ పుస్తకాలు పాతవి సులువుగా దొరుకుతాయి. అవుట్‌లాండర్ పాత కాపీ కొనేముందు అట్ట మీద అది ఎన్నో భాగమో చూసుకోండి, మధ్య భాగం తెచ్చుకుంటే తల తోక తెలియదు.

చదివినవాళ్ళు, చదవనివాళ్ళు కలిసి చూసేటప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. చదివినవాళ్ళు ఎపిసోడ్ నడుస్తుండగా 'పుస్తకంలో ఇలా లేదు' అని ఒక్కమాట అన్నా పక్కవాళ్ళ టెన్షన్ అంతా పోతుంది, ఎవరు బతుకుతారో చెప్పేసినట్టే. మా దగ్గర నియమం ఏమిటంటే, పేర్లు పడేదాకా చదివినవాళ్ళు నోరు విప్పకూడదు. టీ కప్పులు వచ్చాక ముందు చదవనివాళ్ళు మాట్లాడాలి, తర్వాతే మా వంతు. ఇలా చేయడం మొదలుపెట్టాకే బిల్ గురించి మావారితో వాదన సరిగ్గా నడిచింది, ఇప్పటికీ నడుస్తోంది.